పిట్ట ముట్టని ఇస్తారాకు

రుద్రంగి, ఐదో నాడు

చిరంజీవి ప్రేమలతకు చిన్నాయిన మొండయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి వస్తలేదు.

ఫోన్ ఎందుకు చేస్తలేవని అడుగకు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను మీ బాపుది. మా అన్న పోయిన కాడినుంచి దాన్ని ముట్టాలంటే నాకు వణుకు. ముప్పై ఏండ్లు పోస్టుమాన్‌గా ఊరందరి ఉత్తరాలు మోసినోణ్ని, నాది నేను రాసుకోలేనా? కోరుట్ల బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్న.

సంగతేందంటే, అన్నకు పెట్టిన కూడు పిట్ట ముట్టలేదు. మూడో నాడు పగటాల దాకా చూసి ఆవుకు పెట్టినం, నువ్వున్నవ్ గద. ఇయ్యాల మళ్ల పెట్టిన. అన్నం, కోడికూర, గారెలు. కాకి వచ్చి పెరటిగోడ మీద కూసున్నది. ఇస్తారాకును చూసింది, నన్ను చూసింది, మొఖం అటు తిప్పుకున్నది. కోపమొస్తే మీ బాపు తిప్పుకున్నట్టే! పోయినాయిన మనసుల ఏదో పెట్టుకొని పోతేనే పిట్ట ముట్టదంటరు. నాకు ముద్ద దిగుతలేదు బిడ్డా.

ఇట్లు,
పిట్టకు భయపడ్డ మీ చిన్నాయిన

తా.క.: అన్న బక్కపలచని మనిషి. కాకి మాత్రం మస్తు బొద్దుగున్నది. అందుకే కొంచెం అనుమానం కూడా ఉన్నది.


కోరుట్ల, ఆరో నాడు

చిన్నాయినకు ప్రేమలత నమస్కారాలు.

నీ ఉత్తరం డ్యూటీలో చదివిన. పేషెంట్‌కు బీపీ చూస్తుంటే నాకే పెరిగింది. బాపు కోపం నీ మీద కాదు, నా మీద. నేను నర్సును కదా, షుగర్ అని మూడేండ్ల నుంచి అన్నీ బంద్ చేయించిన. బూరెలు బంద్, మటన్ బంద్, ఆఖరికి కల్లు కూడా బంద్. అరవై ఏండ్లు తాటిచెట్లెక్కి ఊరందరికి కల్లు పోసిన మనిషికి! ఎనభై నాలుగేండ్ల వయసులో ఏ సుఖం లేకుండా పంపిన.

ఈ పొద్దున మా కిటికీ మీద కాకి అరిచింది. తలుపేసి పరదా కూడా వేసిన. బూరెలు పెట్టి చూడు చిన్నాయినా.

ఇట్లు,
పాపిష్టి బిడ్డ ప్రేమలత

తా.క.: బూరెలు నేను పెట్టమన్ననని చెప్పు. వద్దులే, నా పేరు అసలే ఎత్తకు. ఏది మంచిదో నువ్వే చూసుకో.


రుద్రంగి, ఎనిమిదో నాడు

చిరంజీవి ప్రేమలతకు,

బూరెలు ముట్టలేదు. నీ పేరు చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి పెట్టిన.

ఇగ దాచలేను. పోయే ముందునాడు పొద్దుమీకి అన్న నన్ను పిలిచి, "తమ్మీ, ఒక్క ముంత పొయ్యరా" అన్నడు. పోస్తే నువ్వు తిడ్తవ్, పొయ్యకపోతే ఆయన మొఖం చూడలేను. పులిసిన మజ్జిగల నీళ్లు కలిపి కల్లు ముంతల పోసిచ్చిన. ఒక్క గుక్క తాగిండు. నా దిక్కు చూసిండు. "మంచిగున్నది" అని మొత్తం తాగిండు. తెల్లారి లేవలేదు.

ఆ చూపు నన్ను వదులుతలేదు బిడ్డా. ఆఖరి కోరిక అడిగితే మోసం చేసిన. ఇయ్యాల అసలు కల్లే తెచ్చి పెట్టిన. కాకి తొంగి కూడా చూడలేదు.

ఇట్లు,
తప్పు చేసిన తమ్ముడు మొండయ్య

తా.క.: ఎండకు పాడైతదని ఆ కల్లు నేనే తాగిన. తాగినంక భయం డబులైంది.


కోరుట్ల, తొమ్మిదో నాడు

చిన్నాయినా,

మజ్జిగనా? తాళ్లెక్కిన మనిషికి? నేను వద్దని చెప్పమన్న గానీ మజ్జిగ పొయ్యమన్ననా?

తిట్టడానికి కూడా ధైర్యం లేదు. పెరట్ల గొణుగుతే కాదు, డాబా ఎక్కి గట్టిగ తప్పు ఒప్పుకో. నా తరఫున కూడా. పదకొండో నాటికి నేను వస్తున్న. ఆ లోపల బాపు మనల్ని క్షమించాలె.

ఇట్లు,
నిద్ర లేని ప్రేమలత

తా.క.: మా కిటికీ మీద ఇప్పుడు రెండు కాకులు. రెండోది ఎవరో తెలుస్తలేదు.


రుద్రంగి, పదో నాడు

చిరంజీవి ప్రేమలతకు,

పొద్దుగాల్నే డాబా ఎక్కిన. కండ్లు మూసుకొని, "అన్నా, అది కల్లు కాదు, మజ్జిగ! తప్పైంది!" అని మొత్తుకున్న. కండ్లు తెరిచి చుట్టూ చూస్తే ఏముంది? ఏ డాబా మీద చూసినా ఇస్తారాకే! పక్కింటి పోచమ్మ డాబా మీద బూరెలు, రాజన్న డాబా మీద మటన్, వెంకటి డాబా మీద కల్లు ముంత. మన కాకి పెండ్లికొచ్చిన చుట్టం లెక్క ఒక్కొక్క డాబా తిరుగుతున్నది. మన గోడ కాడికి వచ్చేసరికి దానికి కడుపుల జాగ ఎక్కడిది?

ముందు పోచమ్మ ఏడ్చింది. మూడేండ్ల నుంచి ప్రతి శుక్రవారం మీ బాపుకు బూరెలు పెట్టిందట, తన బూరెలే పాణం తీసినయని భయమట. రాజన్నకు తన మటన్ మీద అదే భయం. అందుకే దొంగతనంగా పిట్టకు పెట్టుకుంటున్నరు.

అప్పుడు వెంకటి తల వంచుకొని చెప్పిండు. ఆ పొద్దుమీకి మీ బాపు నా మజ్జిగ తాగి, సీదా వాని ఇంటికే పోయి రెండు ముంతలు తాగిండట. "మా తమ్ముడు మజ్జిగ పోసి కల్లని ఇచ్చిండు. వాని చెయ్యి వణుకుతుంటే పాపం అనిపించి, మంచిగున్నదన్న. నేనిక్కడ తాగిన ముచ్చట వానికి చెప్పకు, భయపడ్తడు" అన్నడట.

మెట్ల మీద కూసోని పోరని లెక్క ఏడ్చిన బిడ్డా. అన్నకు నా మీద కోపం లేదు.

రేపు పదకొండో నాడన్న ఎవ్వరూ పెట్టకుండ్రని బతిమాలిన. పోచమ్మ కొట్లాటకొచ్చింది. "నీ ఒక్కనికే అన్ననా?" అన్నది.

ఇట్లు,
ఊరందరి అన్నకు తమ్ముడు, మొండయ్య

తా.క.: భయం పోయింది గానీ కోపమొచ్చింది. మూడేండ్లు అన్న ఊరంతా తిరిగి బూరెలు, మటన్ తింటే, నేనొక్కణ్నే ఆయనకు తోడని ఇంట్ల చప్పిడి కూడు తిన్న. రాసి పెట్టుకో, నేను పోయినంక పిట్ట చచ్చినా ముట్టదు.