మజ్జిగకు తగ్గని చిమచిమ

అమ్మా,

నువ్వు చదవవని తెలిసినా ఇది నీకే చెప్పాలి. పోయిన నెల నాకూ నీలాగే మెడకు ఆపరేషన్ చేసి థైరాయిడ్ గడ్డ తీసేశారు. కుట్లు ఆరాయి కదా అని క్యాల్షియం మాత్రలు మానేసి, నల్లపాడులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రానికి పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమ మొదలైంది. కాయల ఘాటేలే అనుకుని, నువ్వు నేర్పినట్టే మజ్జిగలో చేతులు ముంచాను. మర్నాడు వానకు పని ఆగిపోయింది. చిమచిమ మాత్రం పెరిగింది. మూడో రోజు మళ్లీ మజ్జిగ కలుపుతుంటే నీ మనవరాలు అరిచింది.

"రెండ్రోజుల్నుంచి కాయే ముట్టుకోలేదుగా అమ్మా! ఇంకా ఘాటెక్కడిది?"

జవాబు చెప్పేలోపే నా వేళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి. విప్పబోతే రాలేదు. అది గిన్నె పక్కకు నెట్టి నన్ను ఆటో ఎక్కించింది.

"ఘాటు కాదమ్మా, ఒంట్లో క్యాల్షియం పడిపోయింది. ఇంకాస్త ఆగితే ప్రాణం మీదికొచ్చేది" అన్నారు డాక్టరుగారు, నరానికి మందు మెల్లగా ఎక్కిస్తూ. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఇప్పుడు పూట తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నాను.

నీ ఆపరేషన్ అయిన వారానికి, నువ్వు పోయే ముందురోజు, "పెదాలు చిమచిమలాడుతున్నాయే" అన్నావు. మంచం దిగని మనిషివి, కాయెక్కడ ముట్టుకున్నావని నేను అడగలేదు. ఇంట్లో ఉన్న మిరపకాయల బస్తాల ఘాటేలే అని మజ్జిగ తెచ్చి నీ చేతులు ముంచాను.

"చల్లగా ఉందే తల్లీ" అన్నావు.