రెసిన్ పట్టని మడ్‌గార్డు

మే 6
రిసార్టు నుంచి మళ్ళీ మూడు బండ్లు దిగాయి. ఏటీవీలట. చెట్టు కనపడితే గుద్దకుండా పోలేని మహానుభావులు సెలవులకొచ్చి కొండదారిలో తోలే నాలుగు చక్రాల బండ్లు. అన్నిటికీ మడ్‌గార్డులు పగిలాయి. శృంగవరపుకోటలో ప్లాస్టిక్ వెల్డింగ్ చేసే ఖర్మ నాదే గనక ఈ మొహాలూ నేనే చూడాలి.

మే 7
అక్క ఫోన్. సముద్రంలో చేపల వేట ఆపారు, బావ ఖాళీ. "నీ షెడ్డులో ఎట్టుకోరా తమ్ముడూ. నేకపోతే గుజరాత్ బోట్ల మీదకి పోతానంతన్నాడు. పోతే మరి ఏడాదికి గానీ రాడు." ఏడుపు గొంతు. సరే అన్నాను.

మే 10
బావ దిగాడు. సంచి దించకముందే గొప్పలు. "ఫైబర్ బోట్లకి సిల్లులు పూడ్సినోడ్ని. ఈ ముక్కొక లెక్కేటిరా బామ్మర్దీ?" చెప్పాను... ఇది ఫైబర్ కాదు, జారుడు ప్లాస్టిక్, బోట్లకి పూసే రెసిన్ జిగురు పట్టదు. పాత మడ్‌గార్డు నుంచే పుల్లలు కోసి, వేడిగాలి గన్నుతో కరిగించి అతకాలి. విన్నాడా? బీడీ ముట్టించాడు.

మే 12
విజయనగరం వెళ్ళొచ్చేసరికి పని కానిచ్చేశాడు. బోటుకి వేసినట్టే ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ పూసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ ఒక బండి పంపేశాడట! "దింపీ ముందు కొట్టాల గదరా." అది దిగేది గంగలోకా, బురదలోకా? ఛీ.

మే 13
అనుకున్నంతా అయింది. అతుకు అట్టలా ఊడింది, పగిలిన ముక్క చక్రంలో పడింది. తోలుతున్నవాడి పిక్క చీరుకుపోయింది. రిసార్టు మేనేజరు షెడ్డు ముందు ఒకటే గోల... తిట్టడానికి కూడా యజమానికి ఫోన్ చేసి అడిగే రకం వాడు. నాకు ఒళ్ళు మండింది. వీధంతా వింటుండగా అనేశాను— "మా అక్క మొకం సూసి కూడెట్టినాను బావా, నీ పని సూసి కాదు."
బావ చేతులు కడుక్కున్నాడు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

మే 14
ఆ ముక్క నేనే అతికాను. గీత కూడా కనపడదు. మేనేజరు తల ఊపాడు. వాడికేం తెలుసు.

మే 15
అక్క ఫోన్. "ఏటన్నావురా ఆయన్ని? అన్నం ముట్టనేదు. బట్టలు సర్దీసినాడు. రేపు పలాసలో రైలెక్కేస్తాడంట. నా మాట ఇనడు. నువ్వు రమ్మంటే ఆగుతాడురా."
ఏమన్నాను? పట్టదన్నాను, పట్టలేదు. తప్పెవరిది?
సాయంత్రం బావకి ఫోన్ చేశాను. ఎత్తాడు.
"ఏటి?"
"నీ రెసిన్ బ్రష్షు కడక్కుండా వదిలీసినావు. రాయయిపోనాది."
వెనక అక్క ఎవరితోనో మాట్లాడుతోంది.
"దాన్ని పారీరా" అని ఫోన్ పెట్టేశాడు.
రమ్మందామనే చేశాను.