గోడ పక్కన చెప్పిన మాట

మావయ్యా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే ఆమదాలవలసలో పిల్లల బేస్‌బాల్ పోటీ పెట్టారు. అంపైర్‌ని నేను. ఒక జట్టుకి కోచ్ నీ కొడుకే.

వాళ్ళ పిల్లాడు పరుగు పూర్తిచేసే హోమ్ ప్లేట్‌ని తాకకముందే అవతలి జట్టువాడు బంతితో వాణ్ణి తాకాడు. ఔట్ ఇచ్చాను. బావ మైదానంలోకి దూసుకొచ్చి, "కళ్ళు అగుపడ్డం నేదేటిరా నీకు" అని అరిచాడు.

అంపైరింగ్‌లో నువ్వు నేర్పిన పద్ధతి ఒకటే కదా. కోచ్ ఎంత అరిచినా పిల్లల ముందు అతని పరువు తీయకూడదు, పక్కకి తీసుకెళ్ళి ఒక్కసారి మెల్లిగా హెచ్చరించాలి. అలాగే మాస్క్ తీసి, బావ భుజం మీద చెయ్యేసి ప్రహరీగోడ దాకా నడిపించుకెళ్ళాను. "ఇంకోసారి అరిస్తే బయటికి పంపించేస్తాను బావా" అన్నాను. తలూపాడు.

వెనక్కొచ్చాక బావ, పిల్లలందరికీ వినిపించేలా, "తప్పయిపోనాదని అంపైరు నన్ను బతిమాలుకున్నాడ్రా. మీరేటీ బయపడకండి, ఆడండి" అన్నాడు.

పిల్లలు నావైపు చూసి నవ్వారు. కాదంటే వాళ్ళ ముందు బావ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ తరవాత నేను ఔట్ అన్న ప్రతి పిల్లాడూ బావ ముఖం చూశాకే మైదానం దాటాడు.

ఇకమీదట ఏ కోచ్‌నైనా పిల్లలు వినేలాగే హెచ్చరిస్తాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

బావ అరిచినందుకు నాకు కోపం లేదు మావయ్యా. నేను గోడ దాకా తీసుకెళ్తానని, తరవాత పిల్లల ముందు కాదనలేనని వాడికి ముందే తెలుసు. ఇద్దరికీ నేర్పింది నువ్వే కదా.