ముందు తలుపు కారే పడవ గురించి, తొందరేమీ లేకుండా

శ్రీయుత జిల్లా వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

సాయిమా సరస్సు ఒడ్డున కోయ్వునియెమి గ్రామంలో కాపురముంటున్న, రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి విశ్రాంతి పొందిన ఎన్సియో అన్నిలా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్తగా కొన్న విహార పడవయందలి లోపములు, వారంటీ సేవ అందకపోవుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునదేమనగా, నా సర్వీసులో నేను ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు. నా మీద కూడా ఎవరూ రాయలేదు. అందుచేత ఇటువంటివి ఎలా రాయాలో నాకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించవలెను. నేను పుట్టి పెరిగింది హామె ప్రాంతం. మావైపు మగవాడు నోరు తెరిచాడంటే తినడానికో ఆవలించడానికో తప్ప మరొకందుకు కాదని మా ఆవిడ హెల్వి అంటూ ఉంటుంది. ఆమె కరేలియా మనిషి. వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు.

సదరు పడవను కిందటి వసంతంలో పట్నంలో ఓస్మో అనే ఆయన దుకాణంలో కొన్నాము. కొనడానికి కారణం హెల్వి తుంటి. దానికి ఆపరేషనైన తరువాత ఆమె మా పాత తెడ్ల పడవ అంచు దాటి కాలు పెట్టలేకపోతున్నది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే లింటుసారి దీవి కనపడుతుంది. దానిమీద ఉన్న ఎర్ర ఇల్లు ఆమె తల్లిది. ఆస్పత్రిలో గడిచిన వేసవి ఒక్కటి తప్పిస్తే, పుట్టిన దగ్గర్నుంచి ఈ పడవ కొనేదాకా ఆమె ప్రతి వేసవీ అక్కడే గడిపింది. ఈ పడవకు ముందువైపు తలుపు ఉన్నది. ఒడ్డుకు ఆనించి దించితే నేరుగా నడిచి లోపలికి పోవచ్చును. "గడప దాటినట్టు దాటుతావు" అని ఆమెకు మాట ఇచ్చింది ఓస్మో కాదు, నేను. ఈ సంగతి తమరు ముందుగా మనసులో ఉంచుకోవలెను.

ఇక సదరు పడవయందు నేను గమనించిన లోపములు ఈ దిగువన వివరించడమైనది.

1. ముందు తలుపు కారును. మధ్య వేసవి పండగనాడు మొదటిసారి బయలుదేరినాము. హెల్వి పండగ బట్టలు కట్టుకుని, మంచి బూట్లు వేసుకుని, కొత్త బంగాళాదుంపలూ చేపలూ ఉన్న బుట్ట చేత్తో పట్టుకుని తలుపులోంచి నడిచి వచ్చి కూర్చున్నది. సరస్సు మధ్యకు వచ్చేసరికి నీళ్ళు ఆమె చీలమండలదాకా వచ్చినవి. మొదట ఆమె నవ్వింది. "ఎన్సియో, సరస్సుని కూడా తోడు తెచ్చుకుంటున్నామా?" అన్నది. తరువాత నవ్వలేదు. పడవ వెనక్కి తిప్పినాను. ఆ సాయంత్రం దీవులన్నిటిమీదా పండగ మంటలు వెలిగినవి, లింటుసారి మీద తప్ప.

2. నీళ్ళు తోడే మోటారు తీగలూ హారన్ తీగలూ ఒకదాని స్థానంలో ఒకటి బిగించబడి ఉన్నవి. పడవలో నీళ్ళు నిండితే దానంతట అది తిరగవలసిన మోటారు ఊరుకుంటుంది, హారన్ మోగుతుంది. నీళ్ళు తోడాలంటే హారన్ మీట నొక్కవలెను. ఎదురుగా ఓడ వచ్చి నేను హారన్ కొట్టబోతే మోటారు ఆ ఓడవైపు నీళ్ళు చిమ్ముతుంది. ఓడలోని యాత్రికులు దానిని మర్యాదగా భావించి చేతులూపినారు. రేవులో కట్టేసి ఉన్నప్పుడు కూడా పడవ నిండినప్పుడల్లా తనంతట తానే ఆర్తనాదం చేస్తుంది. "ఈ ఇంట్లో ఫిర్యాదు చెయ్యడం చేతనైంది ఆ పడవొక్కదానికే" అని హెల్వి వ్యాఖ్యానించినది.

3. అమ్మినవారు వచ్చి పరిశీలించిననూ లోపము సరిచేయకపోవుట. దీనిని కొంచెం విపులంగా రాయవలసి ఉన్నది.

నేను ఓస్మోకు ఫోన్ చేసి, "వీలున్నప్పుడు ఇటువైపు వస్తే పడవ చూసి పోవచ్చు. తొందరేం లేదు" అన్నాను. మావైపు లెక్కలో ఇది తీవ్రమైన హెచ్చరిక. ఆయన శనివారం సాయంత్రం వచ్చినాడు. శనివారం మా ఇంట సౌనా, అదే ఆవిరి స్నానాల గది, వేడెక్కి ఉంటుందని తమకు చెప్పనవసరం లేదు. పైగా చేతిలో, స్నానం తరువాత తినే సాసేజీల పొట్లం పట్టుకుని వచ్చినాడు. అట్లా వచ్చిన మనిషిని సౌనాకు పిలవకుండా పడవ దగ్గరికి లాక్కుపోయేవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"ముందు పడవ చూస్తావా?" అని అడిగినాను.

"పడవెక్కడికి పోతుందిలే" అన్నాడు ఓస్మో.

ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. కిందికి పోతుంది. అయినా చొక్కా విప్పినాను.

సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలని మా పెద్దలు చెప్పినారు. అక్కడ తగువు మాట ఎత్తకూడదు. ఓస్మో రాళ్ళమీద నీళ్ళు పోసే తీరు చాలా బాగుంటుంది. ఆవిరి మెత్తగా వచ్చి వీపు మీద కూర్చుంటుంది. ఈ విషయంలో నాకు ఆయనమీద ఏ ఫిర్యాదూ లేదు. అంతలో రేవులో హారన్ మోగడం మొదలైంది.

ఓస్మో చెవి ఒగ్గి, "ఎవరిదో పెళ్ళిలాగుంది" అన్నాడు.

"అలాగే ఉంది" అన్నాను.

తరువాత సరస్సులో మునిగి లేచి ఆయన నా పడవలోకే ఎక్కి కూర్చున్నాడు. పాదాలు నీళ్ళలో ఉన్నవి. పడవ బయటి నీళ్ళు కావు, లోపలివి. "మీవైపు వర్షాలు బాగా పడ్డట్టున్నాయే" అన్నాడు. ఆ వారమంతా చుక్క పడలేదు. "పడ్డాయి" అన్నాను. "మొత్తానికి పడవ ఎలా నడుస్తోంది?" అన్నాడు. "నడుస్తోంది" అన్నాను. ఒంటిమీద నూలుపోగు లేని మనిషి, మన సాసేజీ తింటున్న మనిషి, పైగా తానే తెచ్చిన సాసేజీ, అటువంటివాడితో నీ సరుకు బాగాలేదని ఎలా చెప్పడం? తమరైనా చెప్పగలరా?

ఆయన వెళ్ళిన తరువాత జరిగిన సంభాషణను రికార్డు నిమిత్తం యథాతథంగా పొందుపరచడమైనది.

"చెప్పావా?" అన్నది హెల్వి.

"సందర్భం రాలేదు."

"ఆయన కాళ్ళు నీళ్ళలో పెట్టుక్కూచున్నాడు. ఇంకేం సందర్భం కావాలి నీకు? పడవ లేచొచ్చి ఆయన చెంప ఛెళ్ళుమనిపించాలా?"

"ఇంటికొచ్చిన మనిషి కదా."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఓస్మో నీకు అమ్మకంటే ఎక్కువా? బెల్లంకొట్టిన రాయిలా కూచుని ఆవిరి పట్టించుకొచ్చావు. పోనీ నన్ను చెప్పనియ్యి."

"వద్దు, నేనే చెప్తాను. వచ్చేసారి తప్పకుండా."

జూలై అంతా కర్మాగారానికి వేసవి సెలవులు. పడవలు చేసేవాళ్ళు పడవల్లో తిరగడానికి పోయినారు. వాళ్ళ పడవలు కారుతున్నట్టు లేదు. ఆగస్టులో ఓస్మో మళ్ళీ వచ్చినాడు, మళ్ళీ శనివారమే, మళ్ళీ సాసేజీలే. సెప్టెంబరులో వచ్చి పడవను ఒడ్డుకు లాగి షెడ్డులో పెట్టడానికి సాయం కూడా పట్టినాడు. అప్పుడు ముందు తలుపు సందులోంచి కుండ పగిలినట్టు నీళ్ళు కారినవి. "నీళ్ళు పోయే దారి బానే ఉంది" అన్నాడు. "ఉంది" అన్నాను. ఆ రాత్రి హెల్వి నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఎంత పెద్ద విషయమో కరేలియా వాళ్ళతో కాపురం చేసినవారికే తెలుస్తుంది.

4. మనిషి ఎదురుగా లేకపోతే నాకు ధైర్యం వస్తుంది కాబట్టి కర్మాగారానికి ఉత్తరం రాసినాను. వారు జవాబిస్తూ, తమ విక్రేత పలుమార్లు స్వయంగా వచ్చి చూసినాడనీ, కొనుగోలుదారు పడవ నడుస్తున్నదని నోటితో చెప్పినాడనీ, కావున ఫిర్యాదుకు ఆధారము లేదనీ తెలియజేసినారు. అదీగాక వారంటీ కార్డులోని ఒక నిబంధనను ఎర్రగీత గీసి పంపినారు: నీటితో దీర్ఘకాల సంపర్కము వలన కలుగు నష్టములకు ఈ హామీ వర్తించదు. పడవకు నీటితో సంపర్కము కలగకుండా చూడవలసిన బాధ్యత నాదేనని దీనివలన గ్రహించినాను.

5. ఇది పడవ లోపము కాదు కనుక ఇక్కడ రాయవచ్చునో లేదో తెలియదు. వేసవి అంతా హెల్వి వంటింటి కిటికీ దగ్గర దుర్భిణీ పట్టుకుని కూర్చున్నది. దీవి మీది నల్లద్రాక్ష పొదలను పిట్టలు ఖాళీ చేస్తుంటే ఒక్కొక్క పొద పేరూ చెప్పి నాకు వార్తలు చదివినది. "అదిగో, మా అమ్మ నాటిన పొద కూడా అయిపోయింది." హెల్విని ఎత్తి పాత పడవలో కూర్చోబెడదామంటే నాకు ఆ బలం లేదు, ఆమెకు ఆ పని ఇష్టం లేదు. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ దేశంలో వేసవి ఎంత పొట్టిదో తమరెరుగుదురు. ఒక వేసవి నా నోరు పెగలక పోయింది. రెండోది కూడా అట్లాగే పోతుందేమోనని నాకు భయంగా ఉన్నది. నా సర్వీసులో ఏ కాగితంమీదా ఈ మాట రాయలేదు.

కావున తమరు దయయుంచి, సదరు ఓస్మోకు ముందు తలుపు కారుతున్నదన్న సంగతిని తమ కార్యాలయం తరఫున తెలియజేయవలసిందిగానూ, తెలియజేయునప్పుడు అతని మనసు నొచ్చుకోకుండా చూడవలసిందిగానూ, తనిఖీకి తమరే విచ్చేసినచో శనివారం కాక మరే రోజైనా విచ్చేయవలసిందిగానూ ప్రార్థించుచున్నాను.

ఇన్ని మాటలు ఒక్కసారిగా నేనెప్పుడూ చెప్పి ఎరగను. తీరికగా చిత్తగించవలెను. తొందరేమీ లేదు.

తమ విధేయుడు,
ఎన్సియో అన్నిలా

తా.క. పై అర్జీ నవంబరులో రాసినది. కవరులో పెట్టి, పంపితే ఓస్మో ఏమనుకుంటాడోనని అల్మారా మీద ఉంచినాను. ఈలోగా పరిస్థితి మారినది. తొందర ఉన్నది.

జనవరిలో సరస్సు గడ్డకట్టి మనిషి బరువు మోసేటంత అయింది. హెల్విని కాలితో తోసే మంచుబండి మీద కూర్చోబెట్టి, గొర్రెతోలు కప్పి, లింటుసారికి తోసుకుపోయినాను. ఆమె తలుపు తీసి, పొయ్యి వెలిగించి, ఎలుకల చెత్త ఊడ్చి, కాఫీ కాచినది. పొద్దు వాలుతుండగా "వెళ్దామా" అన్నాను.

"నువ్వెళ్ళు. నేను పడవలో వస్తాను" అన్నది.

"పడవ రావాలంటే మే నెల కావాలి, హెల్వి."

"అయితే మేలో వస్తాను. కట్టెలున్నాయి, ఫోనుంది, వెచ్చాలు నువ్వు తెచ్చిపెడతావు. ఇంకోటి విను. ఆ పడవ బాగయ్యేదాకా అక్కడ సౌనా గొట్టంలోంచి పొగ రాకూడదు. కిటికీ ఇక్కడా ఉంది. దుర్భిణీ తెచ్చుకున్నాను."

ఏప్రిల్‌లో మంచు పల్చబడుతుంది. అప్పుడు నడవనూలేము, పడవా పోదు. ఆ రోజుల్లో ఆమె ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున. నేను కూడా అక్కడే ఉండిపోదామంటే పడవ తెచ్చేవాడుండడు. ఆమె దీనిని ముందే ఆలోచించిందని నా అనుమానం.

కిందటి శనివారం ఓస్మో సాసేజీల పొట్లంతో వచ్చినాడు. గొట్టం వైపు చూసి, "పొగ రావట్లేదేంటి?" అన్నాడు.

"పడవ కారుతోంది, ఓస్మో" అన్నాను.

ఆయన నావైపు చూసినాడు. దీవి వైపు చూసినాడు. పొట్లం మంచుమీద పెట్టినాడు.

"ఎప్పట్నుంచి?"

"మధ్య వేసవి పండగ నుంచి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. కోపం కాదు, నిజంగా నొచ్చుకున్నాడు. "నీ పడవలో కూచున్నాను కదయ్యా. వానంటే వానేననుకున్నాను. నువ్వు అబద్ధమాడతావని నాకేం తెలుసు?"

షెడ్డులో లాంతరు నేను పట్టుకుంటే ఆయన వెల్లకిలా పడుకుని చూసినాడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ లోపలివైపు బయటికి తిప్పి బిగించినారట. తీసి తిప్పినాడు. తీగలు మార్చినాడు. చలికి ఇద్దరి చేతులూ కొయ్యబారినవి గానీ పని మాత్రం సౌనా రాళ్ళు వేడెక్కేపాటి సేపు కూడా పట్టలేదు. లేచి, బట్టలు దులుపుకుని, "ఇప్పుడు వెలిగిస్తావా?" అన్నాడు. వెలిగించినాను.

పొగ లేచిన కాసేపటికే ఫోన్ మోగింది.

"బాగుచేశాడా?" అన్నది హెల్వి.

"చేశాడు."

"ఎవరు చెప్పారు ఆయనకి?"

"నేనే."

"మంచి బూట్లు అక్కడే అల్మారాలో ఉన్నాయి. నువ్వొచ్చేటప్పుడు పట్రా. అవేసుకునే ఎక్కుతాను" అన్నది.

అయ్యా, పొడినేల మీద ఏ పడవా కారదు. అందుకే ఈ అర్జీని ఇప్పుడు పంపుతున్నాను. మంచు కరిగి నేను అటు వెళ్ళి ఇటు వచ్చేదాకా ఈ ఫైలు మూయవద్దని మనవి. ఆ బూట్లు తడవకుండా ఇల్లు చేరితే తమకు ఒక కార్డు రాస్తాను. తడిస్తే ఈసారి హెల్వే స్వయంగా తమ ఆఫీసుకు వస్తుంది.