వెనక తలుపుకు గడప లేదు

వారసుల ధ్రువపత్రాల విభాగం అధికారి గారి సముఖమునకు,
నలుగురు సంతానంలో రెండోవాడు, వృత్తి వడ్రంగం, వయసు యాభై ఎనిమిది, స్వహస్తంతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మగారి మరణానంతరం తమ కార్యాలయము జారీ చేసిన వారసుల ధ్రువపత్రంలో 'ముగ్గురు' అని ఉన్నదానిని 'నలుగురు' అని సవరించుట గురించి, సదరు తప్పు తమది కాదు, మాదేనని ఒప్పుకొనుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా అమ్మగారు నాలుగు నెలల క్రితం కాలం చేసినారు. నాన్న అంతకు చాలా ముందే పోయారు. అమ్మ పేర ఉన్నది ఒక్క ఇల్లు. మూడు గదులు, వెనక దొడ్డి. తలుపులన్నీ నాన్న చేతివే. ముందు గది ఒకప్పుడు నా పనిగది. తమ ఆఫీసు బయట అర్జీలు రాసే ఆయన "పెద్దాయనా, పాయింటు చెప్పు, సోది వద్దు" అన్నాడు. అందుకని ఆయనకో దండం పెట్టి నేనే వ్రాయుచున్నాను. సోది లేకుండా ఈ పాయింటు లేదు.

2. తమ ఫారంలో వారసుల పేర్లు రాయవలసిన చోట మూడు గడులే కలవు. మా అన్నయ్య రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఆరేళ్ళు పిల్లల చేత గీత దాటకుండా రాయించిన మనిషి. గడి లేని చోట ఆయనకు చెయ్యి ఆడదు. తన పేరు, నా పేరు, చెల్లెలి పేరు రాసి కలానికి మూత పెట్టారు.

"మరి చిన్నోడో?" అంది చెల్లి. చెల్లి ఆసుపత్రిలో నర్సు. ఎవరు ఏమనుకుంటారోనని నోరు కట్టుకునే రకం కాదు.

"ఉన్నాడని రాస్తే ఎక్కడున్నాడంటారు. లేడని రాస్తే కాగితం చూపించమంటారు. పైగా గడి కూడా లేదు కదమ్మా" అన్నారు అన్నయ్య.

చిన్నోడు అనగా మా నలుగురిలో ఆఖరివాడు. పందొమ్మిదో ఏట ఇల్లు విడిచి పోయినవాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉత్తరం లేదు, కబురు లేదు. చెల్లి నా వైపు చూసింది. నేను గబుక్కున సంతకం పెట్టేశాను. తమరి దగ్గర దాపరికమెందుకు, పెట్టగానే నాకు హాయిగా అనిపించింది. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఈ అర్జీలో ముందు ముందు ఇంకోటి ఉంది.

3. ఇల్లు కొనేవాళ్ళు కుదిరారు. వచ్చే నెల పద్దెనిమిదిన రిజిస్ట్రేషను. పడగొట్టి అంతస్తులు లేపుతారట. అన్నయ్యకు తొందరగా ఉంది, ఆ తొందరలో అన్యాయమేమీ లేదు. వదిన గారికి నడుము నుంచి కిందికి చచ్చుబడి ఏడాదిన్నర. వాళ్ళు అద్దెకుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ఆమె కిందికి దిగి ఎనిమిది నెలలు దాటింది. "మీ వదిన ఓసారి రోడ్డు చూడాలిరా" అంటారు అన్నయ్య. ఇల్లమ్మి, వచ్చినదాంతో నేల మీద ఒక చిన్న ఇల్లు చూసుకోవాలని ఆయన ఆశ. నాలుగో పేరు చేరిస్తే అమ్మకం ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసే ఈ అర్జీ పెట్టుకొనుచున్నాను.

4. ఆదివారాలు ముగ్గురం ఆ ఇంట్లో కూడి సామాను పంచుకొనుటకు జాబితా తయారు చేయుచున్నాము. చెల్లి బయటకు తీయడం, నేను మోయడం, అన్నయ్య రాయడం. మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి చూద్దును గదా, వంటింటి వెనక తలుపు గడియ తీసి ఉంది. తలుపు జానెడు తెరుచుకుని ఉంది. వేశాను. రెండో ఆదివారం అదే వేళకు అదే తలుపు. మూడో ఆదివారం పొద్దున్నే కొత్త గడియ బిగించి, పదిసార్లు లాగి చూసి మరీ వేశాను. నాలుగయ్యేసరికి తీసి ఉంది.

అమ్మ బతికున్నన్నాళ్ళూ సరిగ్గా నాలుగింటికి ఆ గడియ తీసేది. చీకటి పడేవేళకు వేసేది. ఎవరైనా అడిగితే "గాలాడక" అనేది. చలికాలంలోనూ ఆమెకు గాలాడేది కాదు.

అయ్యా, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది, రాత్రి చప్పుళ్ళు చేస్తుంది. అన్నీ ఎరుగుదును. కాని గడియను తనంతట తాను పక్కకు జరిపే చెక్కను నలభై ఏళ్ళలో చూడలేదు. చెల్లి చేతిలో గిన్నె కింద పెట్టి "అమ్మే" అంది. "నోర్ముయ్" అన్నారు అన్నయ్య. కాని ఆ రోజు ఆయన రాసిన జాబితాలో పన్నెండు తరవాత మళ్ళీ పన్నెండే ఉంది.

5. నాలుగో ఆదివారం పని మానుకుని, వంటింట్లో పీట వేసుకుని, ఆ తలుపు కేసే చూస్తూ కూర్చున్నాను. నాలుగైంది. పక్క గదిలోంచి చెల్లి వచ్చింది. చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి. నన్ను దాటుకుని వెళ్ళి, గడియ తీసి, తలుపు జానెడు తెరిచి, వచ్చిన దారినే వెళ్ళిపోయి మిగతా సగం మడతపెట్టసాగింది.

"ఏమే, ఎందుకు తీశావు?"

"ఏం తీశాను?"

"గడియే!"

"నీకేమన్నా మతిపోయిందా చిన్నన్నయ్యా? నేనిక్కణ్ణుంచి కదిలితే కదా!"

ఒట్టు పెట్టింది. ఏడ్చింది. అప్పుడు అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "దాన్నేమీ అనకురా. పోయిన వారం తీసింది నువ్వే. నా కళ్ళతో నేను చూశాను" అన్నారు.

"మరి అంతకు ముందు వారం?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని జాబితా వైపు తిరిగారు. చెల్లి చెప్పింది, ఆయన్ని చూపించి.

కావున సదరు తలుపును తీయుచున్నది సదరు ముగ్గురు వారసులే అని, తీసినట్టు తీసినవారికే తెలియుట లేదని తమకు మనవి. ఇది తమ ఆఫీసులో ఏ బల్ల కిందికి వస్తుందో నాకు తెలియదు.

6. ఆ రోజే చెల్లి ఇంకో మాట బయటపెట్టింది. అమ్మ ఆఖరి రోజుల్లో చెల్లి పనిచేసే ఆసుపత్రిలోనే ఉంది. "ఆ తలుపు దేనికమ్మా రోజూ తీసి పెడతావు?" అని అడిగిందట. అమ్మ చెప్పిన జవాబు, చెల్లి చెప్పినది చెప్పినట్టు వ్రాయుచున్నాను.

"ఈ గడప తొక్కొద్దన్నాడు కదే వాళ్ళ చిన్నన్న. వాడు పంతం మనిషి, ఛస్తే తొక్కడు. వెనక తలుపుకి గడప లేదు. పంతం చెడకుండా రావచ్చు."

నిజమే. వంటిల్లు కడిగిన నీళ్ళు నేరుగా దొడ్లోకి పోవాలని నాన్న ఆ ద్వారబంధానికి కింది చెక్క వేయలేదు.

అమ్మకు తెలుసన్నమాట అయ్యా! నేను ఇంటిల్లిపాదికీ "వాడే చెప్పాపెట్టకుండా పోయాడు, నేను పల్లెత్తు మాట అనలేదు" అని చెప్పుకున్నాను. ఆమె విని తలూపింది. నాకు అన్నం పెట్టింది. నాకు జ్వరమొస్తే తల దగ్గర కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "అబద్ధమాడావురా" అనలేదు. రెండు చెంపలూ వాయించినా బతికిపోయేవాణ్ణి.

7. ఇక జరిగినది. చిన్నోడు నా దగ్గరే పని నేర్చుకునేవాడు. ఒకాయన తన ఇంటికి ముందు తలుపు చేయించుకుంటున్నాడు. మంచి కర్ర, ఆయన ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది. తలుపు కొలత తీసేటప్పుడు మొత్తం ఎత్తులోంచి గడప ఎత్తు తీసేయాలి. నేను గడప ఎత్తు ముందే తీసేసి, మిగిలిన అంకెను చెక్క మీద పెన్సిలుతో వేశాను. తీసేశానని వాడికి చెప్పలేదు. వాడు పద్ధతి ప్రకారం మళ్ళీ తీసేసి కోశాడు. తలుపు బెత్తెడు పొట్టిదైపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన చూసుకుందామని వచ్చాడు.

ఆయన ముందే వాణ్ణి కొట్టాను. "నువ్వు రాసిందే కదా చిన్నన్నా" అనబోతే ఇంకోటి కొట్టాను. "ఫో! మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాను. వాడు ముందు గదిలోంచి ఇంట్లోకి నడిచి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. నాలుగైంది అప్పటికి. దొడ్లోకి వెళ్ళి కూర్చున్నాడనుకున్నాను.

ఇందాక చెప్పిన సిగ్గుమాలిన సంగతి ఇదీ. తప్పు నాదేనని నాకు గంటలోపే తెలిసింది. ఆ చెక్క తిరగేసి నా అంకె నేనే చూసుకున్నాను. చూసి, చిత్రిక పట్టి చెరిపేశాను. వెంటనే సైకిలెక్కి ఉంటే బస్సుల దగ్గర దొరికేవాడేమో. ఎక్కలేదు. తప్పు ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఒప్పుకుందామంటే ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. అందుకని తమకు ఒప్పుకొనుచున్నాను. తమరే దొరికారు, క్షమించాలి.

8. కావున నాలుగో పేరు చేర్చవలెను. గడి లేకపోతే నాలుగో గడి నేను గీసుకుంటాను, సూటిగా గీయడం నాకు అన్నం పెట్టిన విద్య. కాదూ కూడదూ అంటే నా గడిలో నా పేరు కొట్టేసి వాడి పేరు రాయండి, నాకు అభ్యంతరం లేదు. వాడు పుట్టనే లేదని చెప్పే ఆ కాగితం మాత్రం ఉండకూడదు. దాని మీద నా సంతకముంది.

తప్పిపోయిన వారసుడి ఆఖరి చిరునామాకు నోటీసు పంపి ముప్పై రోజులు ఆగాలని తమ కిటికీ దగ్గర అమ్మాయి చెప్పింది. వాడి ఆఖరి చిరునామా ఆ ఇల్లే. పంపండి. నేనే అందుకుంటాను.

9. ఉమ్మడి ఆస్తికి నేను కలిగించిన నష్టం ఒకటి తమ దృష్టికి తెచ్చుట నా విధి. నిన్న మధ్యాహ్నం రంపం పట్టుకెళ్ళి ఆ ఇంటి ముందు గడప కోసేశాను. నాన్న వేసిన గడప, ఇనప ముక్కలా ఉంది, మూడు గంటలు పట్టింది. తోటివారసుల అనుమతి తీసుకోలేదు. చట్టప్రకారం ఏ శిక్ష ఉంటే అది వేయండి.

ఇందులో అర్జీకి పనికొచ్చే భాగమేదో తమరే ఏరుకొని, విసుక్కొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నలుగురిలో రెండోవాడు

తా.క. అమ్మ ఇంట్లోనే కూర్చుని ఇది కవరులో పెట్టేలోపు అన్నయ్య, చెల్లి వచ్చారు. ఆటోలో వదిన గారు కూడా. నలుగురు మనుషులు కుర్చీతో సహా మూడంతస్తులూ మోసుకు దించారట. నేను చేసిన పని అన్నయ్యకు చెల్లి ఫోనులో చెప్పేసింది.

"ఇంటికి గడప లేకుండా చేస్తావుట్రా, బుద్ధుందా నీకు? కొనేవాళ్ళు ఏమంటారు?" అని కేకలేస్తూ లోపలికి వచ్చారు. వస్తూ వస్తూ లేని గడపను దాటడానికి కాలు ఎత్తారు, తూలి గోడ పట్టుకున్నారు. వెనకాల వదిన గారి చక్రాల కుర్చీని చెల్లి ఒక్క చేత్తో తోసింది. గుమ్మం దగ్గర ఆగకుండా తిన్నగా నడిమింట్లోకి వచ్చేసింది. వదిన గారు ఇల్లంతా ఓసారి చూసి, "ఇక్కడే ఉందామండీ" అన్నారు. అన్నయ్య చాలాసేపు గోడ వదల్లేదు. తరవాత ఈ అర్జీ అడిగి తీసుకుని, తప్పులు దిద్దేవాళ్ళలా కలం పట్టుకుని మొత్తం చదివారు. ఏడో నంబరు రెండుసార్లు చదివారు. ఒక్క తప్పూ దిద్దకుండా అడుగున సంతకం పెట్టారు. చెల్లీ పెట్టింది.

జతపరచిన ఫారంలో నాలుగో గడి నేనే గీశాను. పేరు రాశాను. వయసు దగ్గర పందొమ్మిది అని పడింది. యాభై అని ఉండాలి. రెండుసార్లు కొట్టేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం చేసి, మళ్ళీ రాశాను, మళ్ళీ పందొమ్మిదే రాశాను. ఆ ఒక్కటీ తమరే దిద్దుకోగలరు.