అత్తయ్య పేర్చినట్టు

జూన్ 3, సోమవారం

ఈరోజు ట్రైనింగ్‌లో పరీక్ష పెట్టారు. పెన్నుతో రాసేది కాదు. ఒక్కొక్కరికీ ఒక కార్డుల కట్ట ఇచ్చారు. ఒక్కో కార్డు మీద ఆస్పత్రి లాండ్రీ పనిలో వచ్చే మాట ఒకటి ఉంది. బ్లీచ్, సూది, మురికి సంచి, ట్రాలీ, ఆవిరి ఇస్త్రీ, తడి నేల, ఇలాంటివి. ఏవి ఒకచోట ఉండాలనిపిస్తే వాటిని ఒక కుప్పగా పెట్టండి, ఇందులో తప్పూ ఒప్పూ లేదు అన్నారు మేడమ్. తర్వాత కంప్యూటర్‌లో స్కోరు వేశారు. తప్పూ ఒప్పూ లేనిదానికి స్కోరెందుకో అర్థం కాలేదు. అడగలేదు. నేనెప్పుడు నోరు తెరిచి అడిగాను గనక.

నాకు ముప్పై ఒకటి. వందకి.

సాయంత్రం 6 గంటలు

మేడమ్ చెప్పిందంతా మళ్లీ గుర్తు చేసుకుంటున్నాను. మనిషి బుర్రలో పని ఎలా సర్దుకుని ఉందో చూస్తే, రేపు ఆ పని ఎలా చేస్తుందో ముందే చెప్పొచ్చట. అందుకని బాగా పనిచేసే సీనియర్ ఒకావిడ చేత ముందే ఈ కార్డులు పేర్పించి ఉంచారట. మా కుప్పలు ఆవిడ కుప్పలకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదట. నలభై దాటకపోతే ఉద్యోగంలోకి తీసుకోరు. రెండు వారాల తర్వాత ఇంకోసారి పెడతారు. అదే ఆఖరు.

ఈ ఉద్యోగం వస్తేనే మేం వేరే గది తీసుకోగలం. ఆయన టైర్ల షాపు జీతం ఒక్కటీ చాలదు. పెళ్లయినప్పటి నుంచి ఆయనా నేనూ వంటగదిలోనే పరుపు వేసుకుంటున్నాం. అత్తయ్య మంచినీళ్ల కోసం వస్తే మమ్మల్ని దాటుకునే వెళ్లాలి. దాటేముందు ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినపడని ఇల్లు కావాలి నాకు. గది సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

జూన్ 4

ఆ సీనియర్ మా అత్తయ్యే.

జూన్ 5

నిన్న అంతకుమించి రాయడానికి చేయి రాలేదు. అత్తయ్య ఎన్నో ఏళ్లుగా అదే లాండ్రీలో చేస్తోందని తెలుసు. ఈ ట్రైనింగ్ సంగతి చెప్పిందీ ఆవిడే. కార్డులు పేర్చింది కూడా ఆవిడేనని నిన్న భోజనాల దగ్గర బయటపడింది. నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ పేర్పించారు అని గొప్పగా చెప్పుకుంది.

అంటే నా బుర్ర ఎంత మంచిదో ఆవిడ బుర్రతో కొలిచి చెబుతారన్నమాట. ఇంట్లో పొద్దున్నుంచీ జరిగేది అదే కదా. దానికి మళ్లీ మేడమ్ ఎందుకు, కంప్యూటర్ ఎందుకు.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆన్సర్ షీటు ఇంట్లోనే తిరుగుతోంది, అడిగి రాసేసుకో అన్నాడు. అత్తయ్య ఆయన్ని ఒక చూపు చూసి, నేను చెబితే అది నా బుర్రవుతుంది గానీ ఈ పిల్లదవుతుందట్రా మొద్దూ అంది. తర్వాత నావైపు తిరిగి, ఇంతకీ నువ్వెలా పెట్టావు అని అడిగింది.

గోడకేసి చూస్తూ చెప్పాను. ఏది ఎక్కడ ఉంటుందో దాన్నిబట్టి పెట్టాను. సూది మురికి సంచిలో దొరుకుతుంది కాబట్టి సంచితో. బ్లీచ్, సబ్బు ఒకే అలమరలో ఉంటాయి కాబట్టి ఒకచోట. తడి నేల బకెట్‌తో. పిల్లల వార్డు దుప్పట్లు ఎందులోకి వస్తాయో తెలీక ట్రాలీతో తోసేశాను.

అత్తయ్య నవ్వింది. ఆగి మళ్లీ నవ్వింది. సూదిని సంచిలో పెట్టేసి చేతులు దులుపుకుందట, సూది ఊరుకుంటుందా అంది. ఇంట్లోనూ అంతే, ఎక్కడిది అక్కడ పెట్టేస్తే పనైపోయిందనుకుంటుంది అని ఆయనతో చెప్పింది, నేను పక్క వీధిలో ఉన్నట్టు.

ఏదో ఒకటి అనాలనిపించింది. పళ్లేలు కడిగాను.

జూన్ 8

ఆ ఎత్తిపొడుపులోనే జవాబు దొరికింది. సూది ఊరుకుంటుందా అంది కదా. సూది గుచ్చుతుంది. బ్లీచ్ కళ్లు మండిస్తుంది. ఆవిరి కాలుస్తుంది. తడి నేల జారుస్తుంది. ఇవన్నీ ఒక కుప్ప. అత్తయ్య లోకంలో వస్తువులు రెండే రకాలు, హాని చేసేవి, ఇంకా చెయ్యనివి. కోడలు ఏ కుప్పలోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

జూన్ 10

సబ్బు అట్టపెట్టె కత్తిరించి కార్డులు చేసుకున్నాను. ఆవిడలా ఆలోచించడం ప్రాక్టీసు చేస్తున్నాను. తల పగిలిపోతోంది.

జూన్ 13

పొద్దున ఆయన స్నానం చేసి వస్తుంటే, అక్కడ తడిగా ఉంది, కళ్లు నెత్తిన పెట్టుకుని నడవకు అన్నాను. ఆయన గతుక్కుమని ఆగిపోయాడు. ఒక్క క్షణం అమ్మే అనుకున్నానన్నాడు.

సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

జూన్ 17, సోమవారం

రెండోసారి పరీక్ష అయింది. చేయి తడబడలేదు. హాని చేసేవన్నీ ఒక పక్క, మిగతావి ఇంకో పక్క, ఆవిడ నా వెనక నిలబడి సణుగుతున్నట్టే ఊహించుకుంటూ పెట్టాను.

ఇరవై రెండు వచ్చింది.

ముందుకంటే తక్కువ. మేడమ్ కూడా రెండుసార్లు చూసుకున్నారు. అప్పుడు చెప్పారు. మొదటిసారి అందరికీ తక్కువ వచ్చేసరికి, తప్పు ముందు పేర్పించినదాంట్లోనే ఉందేమో అని అనుమానం వచ్చిందట. ఈరోజు పొద్దున్నే ఆ సీనియర్‌ని పిలిచి మళ్లీ పేర్పించారట. మమ్మల్ని పోల్చింది ఆ కొత్తవాటితో.

ఆ కొత్త కుప్పల ఫోటో చూపించారు. సూది సంచితో ఉంది. బ్లీచ్ సబ్బుతో ఉంది. తడి నేల బకెట్‌తో ఉంది. పిల్లల వార్డు దుప్పట్లు ట్రాలీతో ఉన్నాయి. తెలీక తోసేశానన్నాను చూడు, అది కూడా అలాగే. నేను గోడకేసి చూస్తూ చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా గుర్తుపెట్టుకుంది మహాతల్లి.

ఇన్నేళ్ల అనుభవం రెండు వారాల్లో ఎలా మారిపోతుంది, ఇలాంటిది ఎక్కడా చదవలేదు అన్నారు మేడమ్. నేను కాళ్లకేసి చూసుకున్నాను.

బస్సులో అత్తయ్యా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. నిన్నెవరు మార్చమన్నారు అంది. మిమ్మల్నెవరు మార్చమన్నారు అన్నాను. ఆవిడకి ఎదురు మాట చెప్పడం ఇదే మొదలు. కిటికీలోంచి బయటికి చూస్తూ, చక్కగా పెట్టుకున్నదాన్ని చెడగొట్టుకున్నావు అంది. మీరే కదా నవ్వారు అన్నాను. నవ్వితే మార్చేసుకోవడమేనా, నేను దేనికి నవ్వను అంది.

ఇద్దరికీ ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీదో చెప్పడం కష్టం. ఉద్యోగం మాత్రం పోయినట్టే.

జూన్ 19

అత్తయ్య లాండ్రీ సూపర్‌వైజర్ గారి దగ్గరికి వెళ్లిందట. మీ రెండు పేర్పుల్లో అసలుది ఏది అని సూపర్‌వైజర్ గారు అడిగితే, రెండూ నావే, బుర్ర నాది, నా ఇష్టం అందట. ఈ పేకాట ఆపి ఆ పిల్లల చేత నాలుగు సంచులు విప్పించి చూడండి అని కూడా అందట. సూపర్‌వైజర్ గారికీ విసుగొచ్చినట్టుంది. తప్పినవాళ్లందరికీ ఎల్లుండి ఒక పూట నిజం పని ఇస్తున్నారు.

జూన్ 21

నెమ్మదిగా చేశాను. ఆపరేషన్ థియేటర్ గౌన్లు ఒకసారి వేరే ట్రాలీలో వేసి తిట్లు తిన్నాను. ఒక గౌను జేబు బరువుగా అనిపించింది. చేయి పెట్టలేదు. ఆగండి అని కేక పెట్టాను. మెషిన్ దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు. నాకు అంత గొంతుందని నాకే తెలీదు. పటకారుతో తీస్తే సూదే.

తీసుకున్నారు. పని నెమ్మది, ఫరవాలేదు అన్నారు సూపర్‌వైజర్ గారు. మేడమ్ నా పేరు పక్కన ఏదో రాసి, ప్రశ్న గుర్తు పెట్టి, మళ్లీ కొట్టేశారు.

అత్తయ్య అడిగింది ఒక్కటే. గ్లవ్స్ వేసుకున్నావా అని.

జూలై 1

ఆయన గది చూశాడు. లాండ్రీకి నడిచి వెళ్లేంత దగ్గర. వంటిల్లు వేరే, పడకగది వేరే. అత్తయ్యకి ఈరోజే చెప్పాడు. ఆవిడ సరే అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏదో ఒకటి అంటే బాగుండేది. అన్నిటికీ నోరు లేస్తుంది, దీనికి మాత్రం సరేనట.

జూలై 4

అత్తయ్య వెళ్లి ఆ గది చూసొచ్చింది. కుళాయిలో నీళ్లు రావట్లేదట.

డ్యూటీ అయ్యాక నేనూ వెళ్లి కుళాయి తిప్పి చూశాను. ధారగా వస్తున్నాయి.

రావట్లేదనే చెప్పాను ఆయనతో.