నాంచారమ్మ పక్కన భోజనం

ఆదివారం రాత్రి, బందరు

ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది. బంధువుల భోజనాలు వద్దనుకుని, రైల్వే స్టేషన్ బయట పడుకునేవాళ్ళకి అన్నం, పప్పు పట్టుకెళ్ళాను. నాతో వచ్చిన వదిన కారు దిగలేదు.

అందరికీ వడ్డించాక చూస్తే ఒక ముసలామె ఆకులో చెయ్యి పెట్టలేదు. ఎందుకని అడిగాను.

"పెట్టేవోళ్ళు మాతో తినరండి. మీరూ కూర్చోండి."

కూర్చున్నాను. పేరు నాంచారమ్మట. పెడనలో మగ్గం నేసేదట. ఇల్లు ఎలా పోయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఎవరి పేరున పెడతన్నారమ్మా?" అంది. చెప్పాను.

"మా ఆయన పోయినప్పుడు నాకూ అన్నం సయించలేదు. రెండు ముద్దలన్నా తినండి."

తిన్నాను. ఏడాదిగా ఎవరి పక్కనా కూర్చుని తినలేదని అప్పుడు తెలిసింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

ఇంటికొచ్చాక వదిన గుమ్మంలోనే ఆపింది. "వాళ్ళ మధ్య కూర్చున్నావు. తలస్నానం చేసి వంటింట్లోకి రా."

కోపం రాలేదు. ఎదురు చెప్పాలనీ అనిపించలేదు. వెళ్ళి స్నానం చేశాను.

వచ్చే ఆదివారం కూడా రమ్మంది నాంచారమ్మ. వస్తానన్నాను. ఆమె పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో...